పదకొండో స్థానం

బాన్‌బరీ ఊరి చివర, ఒకప్పటి బిస్కెట్ల షెడ్డులో
మైనస్ పద్దెనిమిది దగ్గర నిద్రపోయే నల్లగుడ్డని
హెస్టర్ ప్రింగిల్ తెల్లారి నాలుగింటికి బయటికి తీస్తుంది.
చెమ్మ ఆరేదాకా కవరు విప్పకూడదు.
అందాకా ఒక టీ.

కొత్త ఫ్లోరు.
కారు పొట్టకింద, ఎవరి కంటా పడని చోటు.
టీవీలో దాన్ని చూపించరు,
కారు పల్టీ కొడితే తప్ప.

పొర మీద పొర.
ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా.
మూలల్లోకి బొటనవేలితో నొక్కి, అరచేత్తో నిమిరి,
మధ్యలో ఊపిరంత గాలి మిగిలినా
మూడువందల కిలోమీటర్ల వేగంలో
అది నోరు తెరుస్తుంది.
నా భాషలో పొరపాటు అన్న మాట
పొరతోనే మొదలవుతుంది.
హెస్టర్‌కి ఆ సంగతి తెలీదు.
ఆమె వేళ్ళకి తెలుసు.

పై అంతస్తులో ఐవో లాంబర్ట్ లెక్క వేరు.
ల్యాపుకి సెకనులో రెండు పదోవంతులు, అంది కంప్యూటరు.
అంటే రెప్పపాటు కూడా కాదు.
దాని కోసం పదకొండు వారాలు, నలభైమంది మనుషులు,
ఒక పెళ్ళి వాయిదా.
ఆఖర్న ఉన్న జట్టుకి గాలి సొరంగంలో
గంటలు ఎక్కువిస్తారు,
ఓడినవాళ్ళకి రేషన్ కార్డు.
మూడేళ్ళుగా ఆ కార్డు మీదే బతుకు.

జూలై. బుడాపెస్ట్ దగ్గర తారు కాగిపోతోంది.
రేడియోలో ఏలిస్ ఓక్సా గొంతు:
"వెనక భాగం నా మాట వినట్లేదు.
ఎవరి మాటా వినట్లేదు."
పంతొమ్మిదో స్థానం.
ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు,
రెండోసారి ఏమీ మాట్లాడలేదు.

శుక్రవారం రాత్రి ఒక కారుకి పాత ఫ్లోరు బిగించారు,
ఒకదానికి కొత్తది ఉంచారు.
పచ్చరంగు పూసి పరుగెత్తించి
రంగు ఎటు పారిందో మోకాళ్ళ మీద కూచుని చూశారు.
అంచు లేస్తోంది.
మూడు మిల్లీమీటర్లు.
సొరంగంలో నెమ్మదిగా, బుద్ధిగా ఉన్న అంచు
రోడ్డెక్కాక ఆకులా అల్లాడింది.

సోమవారం ఐవో మెట్లు దిగాడు.
ఆరేళ్ళలో షెడ్డులోకి రావడం అదే మొదలు.
"ఈ అంచు దగ్గర ఎన్ని పొరలు?"
"నువ్వు గీసినన్ని."
"నువ్వైతే ఎన్ని వేసేదానివి?"
"ఇంకో రెండు. మార్చిలోనే చెప్పాను.
ఫారం నింపమన్నారు."

అతను అక్కడే ఒక ఖాళీ డబ్బా మీద కూచున్నాడు.
ఆమె ఇంకో కప్పు కడిగింది.

రెండు పొరలు. నూటనలభై గ్రాముల బరువు.
బరువంటే వణికే వాళ్ళు
ఆ బరువుకి సంతకం పెట్టారు.

ఆగస్టు చివర, జాండ్‌వోర్ట్.
సముద్రం వైపు నుంచి ఇసుకగాలి.
ఓక్సా పదకొండో వాడిగా వచ్చాడు.
పాయింట్లు పదోవాడితో అయిపోతాయి.
వ్యాఖ్యాత అతని పేరు ఒక్కసారి అన్నాడు,
అదీ తప్పుగా.

కానీ గ్యారేజీలో, టైర్లు ఇంకా సెగలు కక్కుతుండగా,
ఐవో తెర మీద రెండు గీతలు.
సొరంగం చెప్పింది నీలం, రోడ్డు చెప్పింది నారింజ.
ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ముల్లా
మూడేళ్ళు విడివిడిగా నడిచినవి
ఇవాళ ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి.
నీలం కనబడటం లేదని
స్క్రీను పాడైందనుకున్నాడు ముందు.

ఎవరూ షాంపేన్ తెరవలేదు.
ఎవరో బిస్కెట్ ప్యాకెట్టు చింపారు.
ఇకనుంచి అబద్ధం చెప్పని లెక్క ఒకటి దొరికింది,
వచ్చే ఏడు కారుని దానిమీద కట్టొచ్చు,
ఆపై ఏటిది కూడా.
గెలుపు కాదిది. గెలుపుకి కొలబద్ద.
కొలబద్దకి కప్పులెవరిస్తారు?

సోమవారం. నాలుగు గంటలు.
ఫ్రీజరు తలుపు, నల్లగుడ్డ, టీ.
అల్లాడిన ఆ జూలై ఫ్లోరు ముక్క
ఇప్పుడు షెడ్డు తలుపుకి ఆనించి ఉంది,
గాలికి కొట్టుకోకుండా.
ఈ పని మాత్రం
మొదటిరోజు నుంచీ సరిగ్గానే చేస్తోంది.